ఒక మెట్టు దిగి కొనండి

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, మొదటి మూడు సెకన్లు వచ్చే శబ్దం కోసం నేను ఇప్పటికీ చెవులు రిక్కిస్తాను. ఎవరి బండైనా సరే. నా మొదటి హాట్ హ్యాచ్ (చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో చురుకైన ఇంజిన్ పెట్టిన కారు) ఆ మూడు సెకన్లూ రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు గలగలమనేది. తర్వాత సద్దుమణిగేది. "ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడు ఇంతేనండీ, వేడెక్కితే పోతుంది" అన్నాడు అమ్మినాయన. నేను నమ్మాను. అప్పటికే ఆ బండి మీద మనసు పారేసుకున్నాను కాబట్టి, నమ్మాలనిపించి నమ్మాను.

ఐదు నెలలకు ఆ గలగల ఏమిటో తెలిసింది. వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. అది అరిగిపోతే, ఆయిల్ పైకి ఎక్కేలోపు చెయిన్ వదులుగా ఊగి చుట్టుపక్కల కొట్టుకుంటుంది. ఒక సాయంత్రం ఆ చెయిన్ పళ్ళ మీద నుంచి జారింది. వాల్వులు వెళ్ళి పిస్టన్లకు తగిలాయి. రిపేరు లెక్క బండి కొన్న ధరలో మూడింట రెండు వంతులైంది. అంత డబ్బు నా దగ్గర లేదు. కొన్నప్పుడే చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టేశాను. ఎనిమిది నెలలు ఆ బండి కవర్ కప్పుకుని ఇంటి ముందు నిలబడింది. రోజూ దాని పక్కనుంచే నడిచి వెళ్ళేవాణ్ణి.

అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను. బడ్జెట్ తక్కువున్నప్పుడు మీ డబ్బుకు అందే అతి బలమైన బండి కొనకండి. దానికంటే ఒక మెట్టు కిందున్న బండిలో, దొరికినంతలో బాగా చూసుకున్నది కొనండి. ఇది సర్దుబాటు కోసం చెబుతున్న మాట కాదు. డ్రైవింగ్‌లో సరదా కావాలన్నా అదే సరైన దారి అని నా నమ్మకం.

హాట్ హ్యాచ్ పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1970ల మధ్యలో ఫోక్స్‌వ్యాగన్‌లో కొందరు ఇంజినీర్లు, పై నుంచి ఆదేశం లేకుండానే, మామూలు గోల్ఫ్‌ను కాస్త చురుగ్గా చేయాలని తమ తీరిక వేళల్లో పనిచేశారు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆటో షోలో చూపించారు, 1976లో అమ్మకానికి పెట్టారు. ఐదు వేల బండ్లు అమ్ముడైతే చాలనుకున్నారు. ఆ మొదటి తరం గోల్ఫ్ జీటీఐ నాలుగున్నర లక్షలకు పైగా అమ్ముడైంది. 1.6 లీటర్ ఇంజిన్, 110 హార్స్ పవర్. ఈ రోజు ఆ అంకె చూస్తే ఏ కుర్రాడికీ ఆనదు. కానీ బండి బరువు 800 కిలోలకు కాస్త ఎక్కువ, అంతే. 1984లో వచ్చిన ప్యూజో 205 జీటీఐ కూడా 105 హార్స్ పవర్‌తోనే మొదలైంది. నలభై ఏళ్ళ తర్వాత కూడా జనం దాన్ని తలచుకుంటున్నారంటే అది ఎంత వేగంగా వెళ్ళిందని కాదు, మలుపులో ఎలా తిరిగిందని.

బరువు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కొనేవాళ్ళు ఎక్కువమంది చూడని అంకె అదే. బండి బరువు పెరిగితే ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి, తిప్పడానికి వెడల్పు టైర్లు కావాలి, ఆ బరువును ఊగకుండా పట్టడానికి గట్టి స్ప్రింగులు కావాలి. ఇవన్నీ పెట్టాక బండి వేగంగానే వెళ్తుంది, కానీ చేతికి ఏమీ తెలియదు. ఏ వేగంలో టైరు పట్టు వదలబోతోందో స్టీరింగ్ చెప్పడం మానేస్తుంది. ఆ హద్దు దాకా వెళ్ళాలంటే మామూలు రోడ్డు మీద వెళ్ళకూడని వేగం కావాలి. తేలికపాటి బండిలో, సన్నటి టైర్ల మీద, ఆ హద్దు మీకు చాలా ముందే పలకరిస్తుంది. రెండో గేరులో, చట్టం ఒప్పుకునే వేగంలోనే, బండి మీతో మాట్లాడుతుంది. 240 హార్స్ పవర్ బండిలో మూడో గేరులో యాక్సిలరేటర్ నిండా తొక్కితే కొద్ది సెకన్లలో కాలు తీసేయాల్సిందే. 125 హార్స్ పవర్ బండిలో అదే గేరును చివరిదాకా వాడుకోవచ్చు. ఏది ఎక్కువ ఆనందమో రెండూ నడిపినవాళ్ళను అడగండి.

రెండో కారణం డబ్బు. సెకండ్ హ్యాండ్ బండ్ల లెక్కలో ఇది అసలైన కిటుకు. పాత బండి ధర ఏటేటా పడిపోతుంది, దాని విడిభాగాల ధరలు మాత్రం పడిపోవు. కొత్తలో ఖరీదైన బండి పదేళ్ళ తర్వాత చిన్న బండి ధరకు దొరుకుతుంది కానీ, దాని బ్రేక్ డిస్కులు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది), క్లచ్ ఖరీదైన బండివిగానే ఉంటాయి. 18 అంగుళాల టైర్ల నాలుగింటి ధరా, 15 అంగుళాల టైర్ల నాలుగింటి ధరా పక్కపక్కన పెట్టి చూడండి. బలమైన బండి చౌకగా దొరికిందంటే చాలాసార్లు దానికి రావాల్సిన ఖర్చును పాత యజమాని మీ చేతిలో పెట్టి వెళ్ళాడని అర్థం. నా విషయంలో అచ్చంగా అదే జరిగింది.

"అయితే పాత చిన్న బండి కొనుక్కుని సర్దుకోమంటావా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతని వాదనలో పస లేకపోలేదు. కొత్త టర్బో ఇంజిన్లు తక్కువ ఆర్పీఎంలోనే లాగుతాయి, ట్రాఫిక్‌లో హాయిగా ఉంటాయి, హైవే మీద అలసట ఉండదు, మైలేజీ కూడా బాగుంటుంది. రోజూ వంద కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్ళకు నేను కూడా అటువంటిదే చూడమంటాను. కానీ వాళ్ళు వెతుకుతున్నది వేగంగా వెళ్ళే సౌకర్యమైన కారు. నేను మాట్లాడుతున్నది ఆదివారం పొద్దున్నే పని లేకపోయినా తాళాలు తీసుకుని బయటకు వెళ్ళాలనిపించే బండి గురించి.

ఇక పేర్లకు వద్దాం. నా ఓటు మొదట సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్‌కు, అదీ టర్బో రాకముందు వచ్చిన 1.6 లీటర్ బండికి. ముందు వచ్చిన దానికి 125 హార్స్ పవర్, తర్వాతి తరానికి 136. బరువు టన్నుకు కాస్త అటూఇటూ. టర్బో లేదు, పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు, ఇంజిన్‌లో కంపెనీ దాచుకున్న చిక్కులేమీ లేవు. పాత తరం దానికి పూర్తి బలం 6,800 ఆర్పీఎం దగ్గర వస్తుంది, అంటే గేరు పదే పదే మార్చాలి, ఇంజిన్‌ను పరుగెత్తించాలి. అది లోపమని కొందరంటారు. నాకు అదే కావాలి. ఈ బండి చూసేటప్పుడు గేర్ బాక్స్ మాత్రం జాగ్రత్తగా వినండి. మూడో గేరులోకి వేసేటప్పుడు గరగర వచ్చినా, వెళ్తున్నప్పుడు కూత వినిపించినా బేరింగులూ, గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోలూ అరిగినట్టే.

రెనో క్లియో 182 ఇంకా గొప్ప బండి. ఇంత చిన్న ఒంట్లో రెండు లీటర్ల ఇంజిన్, 182 హార్స్ పవర్. అడుగడుగునా ఉత్సాహం. కానీ దాన్ని కొనేవాళ్ళకు ఒక షరతు: టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం చూపించాలి. నడిచిన కిలోమీటర్లు తక్కువైనా ఐదేళ్ళకొకసారి మార్చాల్సిందే. ఆ పని చేయాలంటే క్యామ్‌లను, క్రాంక్‌ను ప్రత్యేకమైన టూల్స్‌తో లాక్ చేయాలి, అందుకే కూలీ ఎక్కువ. దాంతోపాటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే డీఫేజర్ పుల్లీ కూడా మార్పిస్తే మంచిది. "మార్పించానండీ, బిల్లు ఎక్కడో ఉంది" అంటే మార్చలేదనే లెక్క వేసుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

హోండా సివిక్ టైప్ ఆర్, 2001లో వచ్చిన ఈపీ3 (ఆ తరానికి కంపెనీ కోడ్ పేరు), ఇంజిన్ కోసమే కొనదగ్గ బండి. రెండు లీటర్లు, 200 హార్స్ పవర్, టర్బో లేకుండా. పైకి వెళ్ళేకొద్దీ వీటెక్ (ఎక్కువ ఆర్పీఎంలో వాల్వులను ఇంకా పెద్దగా తెరిచే హోండా ఏర్పాటు) అందుకున్నప్పుడు వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. గేరు రాడ్డు డ్యాష్‌బోర్డు మీంచి వస్తుంది, చెయ్యి స్టీరింగ్ మీద నుంచి జానెడు కదిపితే చాలు. అయితే స్టీరింగ్ అంత మాటకారి కాదు. పైగా మంచివి తగ్గిపోతున్నాయి కాబట్టి వాటి ధరలు సేకరించేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతున్నాయి. బడ్జెట్ కొనుగోలుగా ఇప్పుడది మనకు దూరమవుతోంది.

టర్బో కావాల్సిందే అనుకుంటే 2013లో వచ్చిన ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీ. 1.6 లీటర్ టర్బో, 182 హార్స్ పవర్. మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం కూడా కలిసి తిరిగే గుణం ఇంకా మిగిలి ఉన్న ఆధునిక బండి ఇది. సస్పెన్షన్ గట్టిది, గుంటల రోడ్డు మీద నడుము పట్టేస్తుంది, ఆ సంగతి ముందే తెలుసుకోండి. ఈ 1.6 లీటర్ ఇంజిన్ మీద కూలెంట్ తగ్గి సిలిండర్ హెడ్ వేడెక్కే సమస్యకు కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేసే రీకాల్ జరిగింది, ఆ పని చేశారో లేదో అడగండి. ఫియెస్టా తయారీనే 2023 జూలైలో ఆపేశారు కాబట్టి ఇకముందు దొరికేవన్నీ సెకండ్ హ్యాండ్‌వే.

మినీ కూపర్ ఎస్‌లో మొదటి తరం, ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ గాలి నెట్టే సూపర్‌చార్జర్ ఉన్నది, నాకు ఇష్టం. దాని తర్వాతి తరంలో మొదట్లో వచ్చిన టర్బో బండ్లు చెయిన్ టెన్షనర్ వల్ల పేరు చెడగొట్టుకున్నాయి. ఐదో తరం గోల్ఫ్ జీటీఐ నడపడానికి చక్కటి బండే. కానీ దాని రెండు లీటర్ల టర్బో ఇంజిన్‌లో హై ప్రెషర్ పెట్రోల్ పంపుకూ క్యామ్ షాఫ్ట్‌కూ మధ్య ఒక చిన్న లోహపు గిన్నె ఉంటుంది. క్యామ్ ఫాలోయర్ అంటారు. ధర చూస్తే చాలా తక్కువ. ఎవరూ విప్పి చూడకుండా అది అరిగి చిల్లు పడితే పంపూ, క్యామ్ షాఫ్టూ రెండూ పోతాయి. అలాగే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే మసిని కడిగేవాళ్ళు ఉండరు. ఏళ్ళు గడిచేకొద్దీ పికప్ మందగిస్తుంది, దాన్ని విప్పి శుభ్రం చేయించాలి. ఇవన్నీ తెలిసిన యజమాని దగ్గర్నుంచి అయితే ఆ బండి కొనండి. తెలియని యజమాని దగ్గర్నుంచి మాత్రం వద్దు.

రీమ్యాప్ చేసిన బండ్ల జోలికి నేను వెళ్ళను. ఇంజిన్ కంప్యూటర్‌లో అంకెలు మార్చి ఇంకో యాభై హార్స్ పవర్ పిండారంటే, ఆ బలాన్ని మోసే క్లచ్, గేర్ బాక్స్, కూలింగ్ కూడా మార్చారా? చాలామంది మార్చరు. అమ్మే ముందు మళ్ళీ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించేసి ఏమీ తెలియనట్టు ఉండేవాళ్ళు కూడా ఉన్నారు. బానెట్ కింద ఎక్కడైనా టర్బో ఒత్తిడి చూపించే బూస్ట్ మీటరు తీసేసిన గుర్తు, డ్యాష్‌బోర్డు మీద డబుల్ టేపు మరక, గొట్టాల మీద కొత్త క్లిప్పులు కనిపిస్తే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నట్టే. మార్పులు చేసిన బండిని ఆ సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పకుండా నడిపితే క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బందే.

చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను ఇంజిన్ కంటే ముందు టైర్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటాను. స్టీరింగ్ ఒక పక్కకు నిండా తిప్పించి, ముందు టైరు లోపలి అంచు మీద అరచేయి పెట్టి నిమురుతాను. బయటి అంచు బాగుండి లోపలి అంచు నున్నగా అరిగి, రంపపు పళ్ళలా చేతికి తగిలిందంటే అలైన్‌మెంట్ పోయింది, లేదా బుష్‌లు వదులయ్యాయి, లేదా బండి ఎప్పుడో దేన్నో గుద్దుకుంది. తర్వాత టైరు పక్క గోడ మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చదువుతాను. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే కాలానివి అయితే ఆ యజమాని మీద నాకు సగం నమ్మకం కుదురుతుంది. చురుకైన బండికి నాలుగు వైపులా నాలుగు రకాల చౌక టైర్లు వేసినవాడు, మనకు కనిపించని చోట ఆయిల్ మాత్రం మంచిది పోశాడని నేను అనుకోలేను.

మీటరు రీడింగ్ కంటే పెడల్ రబ్బర్లు నిజం చెబుతాయి. క్లచ్ పెడల్ రబ్బరు ఒక మూల అరిగి మెరుస్తూ, స్టీరింగ్ తోలు నున్నబడి, డ్రైవర్ సీటు బయటి అంచు నలిగిపోయి ఉంటే, మీటరు మీద ఎంత తక్కువ అంకె ఉన్నా నమ్మక్కర్లేదు. అద్దాల మూలల్లో తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. ఒక్క అద్దం వేరే ఏడాదిదైతే ఎందుకని అడగండి. బండి కంప్యూటర్‌ను చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కుని వెంట తీసుకెళ్ళండి. ఎర్రర్ కోడ్‌లు ఏమీ లేవని చూపిస్తే అక్కడే ఆగకండి. బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపించే రెడీనెస్ మానిటర్లు అని ఇంకో పేజీ ఉంటుంది. అందులో చాలావరకు 'పూర్తి కాలేదు' అని ఉంటే, కోడ్‌లను ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ విప్పి ఉండొచ్చు. రెండింటికీ సమాధానం కావాలి.

నడిపి చూసేటప్పుడు మొదటి పది నిమిషాలు నెమ్మదిగానే వెళ్ళండి. మ్యూజిక్ ఆపేయండి. ఇంజిన్ వేడెక్కాక నాలుగో గేరులో తక్కువ వేగంలో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఖాళీ దారిలో స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగకూడదు, చేతుల్లో వణుకు రాకూడదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారితే బలాన్ని రెండో చక్రానికి కూడా పంపేది) లేని బలమైన ఫ్రంట్ వీల్ బండైతే మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు స్టీరింగ్‌ను చేతిలోంచి లాక్కుంటున్నట్టు ఉంటుంది. కొందరికి అది బాగుంటుంది, నాకు విసుగు. ఇక మలుపు మధ్యలో హఠాత్తుగా కాలు తీస్తే బరువంతా ముందుకు వచ్చి వెనక టైర్లు తేలికపడతాయి. 205 జీటీఐ పేరు తెచ్చుకున్నదీ, కొందరు దాన్ని చెట్లకు కొట్టిందీ దీంతోనే. వేరేవాళ్ళ బండిలో, తెలియని దారిలో ఆ పరీక్ష చేయకండి.

డబ్బు విషయంలో నా లెక్క ఇది. మీ దగ్గర ఉన్నదాన్ని నాలుగు భాగాలు చేసి, మూడు భాగాలకు మించి బండికి పెట్టకండి. నాలుగో భాగం మొదటి ఏడాదికి. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, గేర్ ఆయిల్ అన్నీ మార్చేయండి. పాత యజమాని మార్చానన్నా సరే. ఆ తర్వాత ఏమైనా మిగిలితే మంచి టైర్ల మీద పెట్టండి. ఎగ్జాస్ట్, స్టిక్కర్లు, పెద్ద వీల్స్ మీద కాదు. పెద్ద వీల్స్ బరువు పెంచి, ఈ బండి మీకు ఇచ్చే మొదటి సుఖాన్నే చెడగొడతాయి.

ఎనిమిది నెలలు కవర్ కింద ఉన్న ఆ బండిని చివరికి ఉన్నదున్నట్టు చెప్పి, విడిభాగాల కోసం చూసే ఒకాయనకు అమ్మేశాను. తర్వాత డబ్బు కూడబెట్టి కొన్నది 1.6 లీటర్ స్విఫ్ట్ స్పోర్ట్. అమ్మినావిడ పెద్దావిడ, రిటైరైన టీచరు. సర్వీసు బుక్కుతో పాటు ఒక రూళ్ళ నోటుబుక్కు కూడా ఇచ్చారు. ప్రతి ఆయిల్ మార్పు, తేదీ, కిలోమీటర్లు, ఏ బ్రాండు ఆయిల్ పోశారు, అన్నీ ఒకే రకం నీలం పెన్నుతో రాసి ఉన్నాయి. ఒకచోట "కుడి వైపు ముందర చిన్న టకటక, లింక్ రాడ్డు మార్చాం, పోయింది" అని ఉంది. బేరమాడాలనిపించలేదు. ఆ బండికి ఇప్పుడు నాతో ఆరేళ్ళు. నోటుబుక్కు నేనే కొనసాగిస్తున్నాను, పెన్ను కూడా నీలం రంగుదే వాడుతున్నాను.

నాతో వాదించిన ఆ మిత్రుడే ఇప్పుడు తనకోసం బండి వెతుకుతున్నాడు. 240 హార్స్ పవర్‌ది ఒకటి, 136 హార్స్ పవర్‌ది ఒకటి, రెండూ ఇంచుమించు ఒకే ధర. "నువ్వు ఏదంటే అదేరా" అన్నాడు. రేపు పొద్దున ఆరున్నరకు మొదటిది చూడ్డానికి వెళ్తున్నాం. యజమానికి రాత్రే ఫోన్ చేసి చెప్పాను: "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాం. వెచ్చగా ఉంటే మాత్రం ఇంకో రోజు వస్తాం."